పాల సంఘంలో పనితీరు పెరగాలంటే పాలకవర్గం ముందు చేయవలసినది

ఒక గ్రామ పాల సంఘం ఎట్లా పనిచేస్తున్నదో తెలుసుకొనడానికి మేము తనిఖీకి వెళ్ళినప్పుడు ముందుగా చూచేది నగదు పుస్తకం కాదు. ఉదయం పాలు పోసే వేళకే వెళ్ళి ఒక ప్రక్కన నిలబడతాము. ప్రెసిడెంటు గారి పాలు ఎన్ని గంటలకు వస్తున్నవి, వరుసలో నిలబడుతున్నవా లేక ప్రక్క గుమ్మం గుండా లోపలికి పోతున్నవా, వాటినుండి కూడా నమూనా తీస్తున్నారా, ఈ మాత్రం చూస్తాము. ఇది కనిపెడితే రిజిస్టర్లలో ఏమి ఉండబోతున్నదో సగం తెలిసిపోతుంది. మిగిలిన సగం కోసం లెక్కలు తెరుస్తాము.

చాలామంది ప్రెసిడెంట్లు మమ్మల్ని కోరేది ఒకటే. “మా సభ్యులు నీళ్ళు కలుపుతున్నారు, టెస్టరు మాట వినడం లేదు, సెక్రటరీ లెక్కలు వెనుకబడినవి, మీరు వచ్చి కాస్త గట్టిగా చెప్పి పోండి” అంటారు. మేమూ వెళ్ళి గట్టిగానే చెప్పి వస్తాము. పది రోజులు బాగుంటుంది. పదకొండవ రోజున మళ్ళీ మామూలే. ఇన్ని సంవత్సరాలు ఈ పని చేసిన మీదట మాకు అర్థమైనది ఏమంటే, సంఘం ప్రమాణం గోడమీద వ్రాసిన నియమంలో ఉండదు. ఏ పనిని ఆ సంఘం సహించదో అక్కడ ఉంటుంది. ఉదయం 7 గంటలకు తూకం ఆపివేయాలని తీర్మానం చేసి, ప్రెసిడెంటు గారి క్యాను కోసం 7.15 దాకా ఆగితే, ఆ సంఘం నియమం 7.15 అన్నమాటే. మరుసటి నెలకు అది 7.30 అవుతుంది. అప్పుడు సభ్యులను తప్పుపట్టి లాభం లేదు.

ఆణంద్ పద్ధతిలో అసలు విషయం

మన సంఘాలన్నీ ఆణంద్ పద్ధతి సంఘాలని చెప్పుకొంటాము. ఆ పద్ధతి పుట్టిన విధం ఒకసారి గుర్తు చేసుకొనడం మంచిది. గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు తమ పాలకు వ్యాపారులు, కంట్రాక్టర్లు కట్టిన ధరను ఒప్పుకొనక 1946లో పదిహేను రోజులు పాలు అమ్మడం మానివేశారు. ఆ సంవత్సరమే డిసెంబరులో వారి యూనియను రిజిస్టరు అయినది. త్రిభువన్‌దాస్ పటేల్ గారు దానికి అధ్యక్షులు. 1949లో ఆణంద్‌కు వచ్చిన కురియన్ గారు దాని పనిని పెంచారు. తరువాత 1965లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు, 1970లో ఆపరేషన్ ఫ్లడ్ పథకం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1981లో పాడి పరిశ్రమాభివృద్ధి సహకార సమాఖ్య, ఇవన్నీ సభ్యులు విన్నవే.

అయితే రైతుకు అందులో కొత్తగా దొరికినది ఏమిటి? ఫ్యాక్టరీ కాదు, పేరు కాదు. తన పాలను తన కళ్ళ ఎదుట కొలిచి, వెన్న శాతం పరీక్షించి, ఆ అంకెను బట్టి డబ్బు ఇవ్వడం. కంట్రాక్టరు తన ఇష్టం వచ్చిన కొలత పెట్టేవాడు. ఆ కొలతను అతని చేతినుండి తీసి సంఘం బల్లమీద పెట్టారు. కనుక ఆ బల్లమీద ఉన్న అంకె చెడితే, పాల సంఘానికీ పాత వ్యాపారికీ తేడా పోతుంది. భవనం ఎంత బాగున్నా ఒకటే.

ఒక సంఘంలో జరిగినది

ఊరి పేరు వ్రాయము. ఉదయం పూట సుమారు 400 లీటర్లు వచ్చే సంఘం. అప్పటికి అక్కడ మిషన్లు రాలేదు, గెర్బర్ పద్ధతిలో పరీక్ష చేసేవారు. మేము రెండు తనిఖీలలో లెక్కలు చూచి, సంఘం వ్రాసుకొన్న సగటు వెన్నకూ శీతల కేంద్రం ఇచ్చిన వెన్నకూ తేడా ఏమంత లేదని గ్రహించి, సంతృప్తికరం అని వ్రాసి సంతకం చేసి వచ్చాము. మొత్తం సరిపోయినది కదా, ఇంక చూడవలసినది ఏమున్నది అనుకొన్నాము.

మూడవసారి వెళ్ళినప్పుడు ఒక వితంతువు, రెండు లీటర్లు పోసే ఆమె, మా ఎదుటనే టెస్టరును అడిగినది: “అబ్బాయీ, ఎప్పుడు చూసినా నా పాలకే పాయింటు కోత. నా గేదెకు వెన్న తగ్గిందా, నీకు చూపు తగ్గిందా?” అందరూ నవ్వారు. టెస్టరు నవ్వలేదు. తల వంచుకొని సీసాలు కడుగుతున్నాడు. అది చూచి మాకు అనుమానం కలిగినది. మరునాడు తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, ఇరవై మంది పాలనుండి జోడు నమూనాలు తీసి, సీసాలకు అంకెలు మాత్రం వేసి, శీతల కేంద్రంలో పరీక్ష చేయించాము.

పాలకవర్గ సభ్యుల పాలు ఆ ఇరవైలో ఏడు. ఏడింటికీ రిజిస్టరులో వ్రాసినది నిజానికంటె నాలుగు నుండి ఆరు పాయింట్లు ఎక్కువ. మిగిలిన వారిలో ఇంచుమించు అందరికీ ఒక పాయింటు తక్కువ. కంచె చేను మేయడమంటే ఇదే.

ఇది చిన్న సంగతి అనుకొనేవారి కొరకు లెక్క వేసి చూపుతాము. పాలకవర్గం వారివి ఒక పూటకు 60 లీటర్లు. వారికి సగటున అయిదు పాయింట్లు, అనగా 0.5 శాతం ఎక్కువ వ్రాస్తే, లేని వెన్న 300 గ్రాములు. లెక్క సులువుగా ఉండడానికి కిలో వెన్నకు 700 రూపాయలు అనుకొందాము. పూటకు 210, రోజుకు 420, సంవత్సరానికి 1,53,300 రూపాయలు. ఈ డబ్బు ఎక్కడనుండి వస్తుంది? మిగిలిన 340 లీటర్లలో ఒక్క పాయింటు కోస్తే 340 గ్రాముల వెన్న దొరుకుతుంది. అంటే ఆ 300 గ్రాములు పూడి, ఇంకా 40 గ్రాములు మిగులు కూడా కనిపిస్తుంది. అందుకే మాకు రెండుసార్లు మొత్తం సరిపోయినది. రెండు లీటర్ల వితంతువుకు పోయినది రోజుకు 2 రూపాయల 80 పైసలు. సంవత్సరానికి 1,022 రూపాయలు. అది ఆమె దాణా బస్తా డబ్బు.

ప్రెసిడెంటు గారికి చూపితే మొదట ఒప్పుకొనలేదు. “మా గేదెలు పచ్చిగడ్డి, పత్తిగింజల చెక్క తింటాయి, వాటికి ఆ వెన్న రావడం వింత కాదు” అన్నారు. జోడు సీసా ముందు పెట్టాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత టెస్టరును పిలిచి, “నేను ఎప్పుడైనా వెయ్యమని చెప్పానా?” అని అడిగారు. ఆ పిల్లవాడు, “మీరు చెప్పలేదండీ. ఒకసారి తక్కువ వచ్చిన రోజున మీరు చీటీ చూచి నా వంక చూశారు” అన్నాడు.

ఈ జవాబు మేము ఇంతవరకు మరువలేదు. సంఘాలలో తప్పు పనులు ఎక్కువగా ఎవరూ చెప్పకుండానే జరుగుతాయి. పెద్దవారు ఏది ఇష్టపడతారో క్రిందివారు కనిపెట్టి చేస్తారు. నేను చెప్పలేదు అన్నంత మాత్రాన ప్రెసిడెంటు బాధ్యత తీరదు. తన పాలకు సరియైన అంకె వేయమని నోరు తెరిచి చెప్పవలసినది ఆయనే.

ఆయన చేసినది చెప్పాలి. మరునాడు ఉదయం తన క్యాను తానే పట్టుకొని వచ్చి, ఆ వితంతువు వెనుక నిలబడి, అందరి ఎదుట పరీక్ష చేయించుకొన్నారు. అంతకుముందు 6.8 పడే చోట 6.2 వచ్చినది. దానిని తానే పైకి చదివారు. అంతటితో అన్నీ చక్కబడినవని మేము వ్రాయలేము. పాలకవర్గంలో ఇద్దరు కోపగించి తమ పాలు ప్రైవేటు వ్యానుకు పోశారు. రెండు నెలలు సేకరణ తగ్గినది. టెస్టరు భయపడి సెలవు పెట్టాడు, నచ్చజెప్పి తీసుకొని వచ్చారు. ఆ ఇద్దరిలో ఒకరు తిరిగి వచ్చారు, మరొకరు రాలేదు. కాని చిన్న సభ్యులు, ఇంట్లో అరలీటరు ఉంచుకొని మిగిలినవి టీ కొట్టుకు పోసేవారు, ఒక్కరొక్కరే సంఘానికి మళ్ళారు.

ఇందులో మా లోపం కూడా ఉన్నది. మొత్తం సరిపోతే చాలునని సంతకం చేసిన వారిలో మేమే మొదటివారము. అప్పటినుండి సగటును నమ్మడం మానివేశాము.

పరీక్ష బల్ల దగ్గర

ఇప్పుడు చాలా సంఘాలలో పాల పరీక్ష మిషన్లు వచ్చినవి. అర నిముషం, నిముషంలో వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. చూపి చీటీ కూడా ఇస్తున్నవి. దానితో మోసం పోయినదని కొందరు అనుకొంటున్నారు. మిషను అంకెలను చేతితో ఎక్కించే సంఘాలలో పాత పద్ధతి అట్లానే ఉన్నది. మిషను తెరను సభ్యుని వైపు త్రిప్పి పెట్టండి. ఖర్చు లేని పని. అయినా ఎన్ని సంఘాలలో అది గోడవైపు తిరిగి ఉన్నదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

మిషను కూడా తప్పు చూపుతుంది. ప్రతి పూటా అయిన వెంటనే కడగకపోయినా, పులిసిన పాలు అందులోకి పోయినా, నమూనాలో నురుగు ఉన్నా, కరెంటు హెచ్చుతగ్గులైనా అంకె మారుతుంది. అందువలన వారానికి ఒక రోజు గెర్బర్ పరీక్షతో సరిచూడాలి. పాత సామాను అటకమీద వేసిన సంఘాలు దానిని దింపవలెను. సభ్యులకు తెలియడం కొరకు విధానం చెబుతాము. బ్యుటిరోమీటరులో ముందు 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, దానిపైన గోడ వెంబడి మెల్లగా 10.75 మిల్లీలీటర్ల పాలు, తరువాత 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి, బిరడా బిగించి, బాగా కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో నిముషానికి 1,100 చుట్ల చొప్పున నాలుగైదు నిముషాలు త్రిప్పి, 65 డిగ్రీల వేడినీటిలో ఉంచి, వెన్న మట్టం చదవాలి. ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది గనుక పిల్లలను దగ్గరకు రానీయరాదు.

నమూనా తీయడంలోనే సగం తగాదాలు పుడతాయి. నిలిచిన పాలలో వెన్న పైకి తేలుతుంది. కలపకుండా పైనుండి తీస్తే ఒకరికి లాభం, అడుగునుండి తీస్తే మరొకరికి నష్టం. పోసిన తరువాత బాగా కలిపి, ఒకే గరిటెతో, అందరికీ ఒకే విధంగా తీయాలి. ప్రెసిడెంటు గారి పాలకు గరిటె లోతుగా పోవడం మేము చూడకపోలేదు.

శనివారం నాడు పాలకవర్గంలో ఒకరు వంతు ప్రకారం వచ్చి, అయిదు నమూనాలకు పేర్లు లేకుండా అంకెలు వేసి మళ్ళీ పరీక్ష చేయించే పద్ధతి పెట్టుకోండి. ఆ అయిదింటిలో ఒకటి తప్పక పాలకవర్గ సభ్యునిది ఉండాలి. వచ్చిన తేడాను ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఇద్దరూ సంతకం చేయాలి. టెస్టరుమీద అనుమానంతో ఇది చేస్తున్నారని అతనికి అనిపించకూడదు. నిజాయితీగా చేసే టెస్టరుకు ఆ పుస్తకమే రక్ష. రేపు ఎవరైనా వచ్చి గొడవ చేస్తే చూపడానికి అతని దగ్గర ఒక ఆధారం ఉంటుంది.

సభ్యుని పాలు తగ్గినప్పుడు

ఒకరి పాలలో వెన్న గాని ఎస్.ఎన్.ఎఫ్. గాని పడిపోతే వరుసలోనే “నీళ్ళు కలిపావు” అని అరవడం చాలాచోట్ల అలవాటు. ఇది తప్పు పద్ధతి. పాలలో వెన్న తగ్గడానికి నీళ్ళు ఒక్కటే కారణం కాదు. సాయంత్రానికీ తెల్లవారడానికీ మధ్య వ్యవధి ఎక్కువ గనుక ఉదయం పాలు ఎక్కువగానూ వెన్న తక్కువగానూ ఉండడం సామాన్యం. చివరి ధారలలో వెన్న ఎక్కువ. వాటిని దూడకు వదలివేసి మొదటి పాలు సంఘానికి తెస్తే వెన్న పడిపోతుంది. దూడకు ముందు కాస్త వదిలి, చివరికి పొదుగు పూర్తిగా పిండితే ఆ మేరకు సరిపోతుంది. ఎండుగడ్డి చాలినంత పెట్టకుండా దాణా మీదనే నెట్టుకొచ్చినా వెన్న తగ్గుతుంది. పొదుగువాపు లోలోపల ఉంటే పాలగుణమే మారుతుంది. గిన్నె కడిగిన నీరు వంచకుండా పాలు పితికినా లాక్టోమీటరు పట్టిస్తుంది.

కనుక మొదటిసారి ప్రెసిడెంటు గాని, పాలకవర్గ సభ్యుడు గాని సాయంత్రం ఆ ఇంటికి పోయి, పశువును చూచి, పితికే తీరు చూచి మాట్లాడాలి. నలుగురిలో అవమానం చేసిన సభ్యుడు బాగుపడడు, వ్యానుకు పోస్తాడు. రెండవసారి వ్రాతపూర్వకంగా తెలపాలి. మూడవసారి కూడా కల్తీయే అని పరీక్షలో తేలితే, ఉపనిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలి. బంధువైనా, వార్డు సభ్యుడైనా సరే. ఇక్కడ దయ చూపడం వరుసలో నిలబడిన మిగిలిన వారి జేబునుండి దయ చూపడమే.

క్యాన్లు, గడియారం

పాలు పులిసి తిరిగి వచ్చిన రోజున సంఘంలో అందరూ ఎండను తిడతారు. ఎండ కొంత కారణమే. పితికినప్పుడు పాలు పశువు ఒంటి వేడిలో, 38 డిగ్రీల ప్రాంతంలో ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అర గంటకు ఒకసారి, ఒక్కొక్కప్పుడు అంతకంటె త్వరగా రెట్టింపు అవుతాయి. బల్క్ కూలరులో 4 డిగ్రీలకు దిగేవరకు గడిచే ప్రతి అర గంటా లెక్కే. పాలు చల్లబరచడం ఒక రెండు గంటలు ఆలస్యమైతే నాలుగు రెట్టింపులు, అంటే పదహారింతలు. అందుకే తూకం ముగించే వేళను మేము అంత పట్టుదలగా చెబుతాము. ఉదయం 7 గంటలకు తలుపు వేస్తే ముందు వారంలో పది మంది తిరిగి పోతారు, గొడవ చేస్తారు. ఆ వారంలో తిరిగి పోయిన వారిలో ఒక పాలకవర్గ సభ్యుడు ఉంటే రెండవ వారానికి ఊరంతా గడియారం చూచుకొంటుంది.

క్యాన్ల విషయం తేలికది గాని ఎవరూ చేయరు. ముందు చల్లని నీటితో పాల జిడ్డు కడిగి, వేడినీళ్ళు, చాకలిసోడాతో బ్రష్షు వేసి, మళ్ళీ మంచి నీటితో తొలిచి, ఎత్తు బల్లమీద బోర్లించి ఆరనివ్వాలి. మూత రబ్బరు క్రింద వ్రేలు పెట్టి చూడండి. జిగురు తగిలితే కడగనట్లే. సభ్యులు ప్లాస్టిక్ బకెట్లలో తేవడం మాన్పించి స్టీలు పాత్రలు ఇప్పించగలిగిన సంఘాలు ఆ పని చేయాలి. బోనసులో కొంత భాగం పాత్ర రూపంలో ఇస్తే ఎవరూ కాదనరు.

జీతం, లెక్క

సెక్రటరీకి, టెస్టరుకు చాలీచాలని జీతం ఇచ్చి నిజాయితీగా ఉండమని అడగడం మాకు న్యాయంగా తోచదు. పొద్దున 5 గంటలకు వచ్చేవాడు, సాయంత్రం మళ్ళీ వచ్చేవాడు, పండుగ లేదు, పెళ్ళి లేదు. యూనియను శిక్షణకు పంపమంటే “పని ఎవరు చేస్తారు” అంటారు. పంపకపోతే ఆ పని ఎట్లా వస్తుంది? పనికి తగిన జీతం, తగిన సామాను ఇచ్చి, ఆ తరువాత తప్పు పడితే గట్టిగా అడగడానికి పాలకవర్గానికి నోరు ఉంటుంది.

సంఘం గోడమీద నల్లబల్ల ఒకటి ఉంటే చాలు. నిన్నటి సంఘం వెన్న, కేంద్రం వెన్న, రెంటికీ తేడా. పాలు పోసిన సభ్యుల సంఖ్య. తిరిగి వచ్చిన క్యాన్లు. పక్షం డబ్బు ఇచ్చే తేదీ. ప్రెసిడెంటు రోజూ దానిని చూచి, తేడా వచ్చిన రోజున కారణం అడిగితే మిగిలిన వారూ చూస్తారు. చెప్పిన తేదీకి డబ్బు ఇవ్వని సంఘం సభ్యులకు క్రమశిక్షణ చెప్పడానికి ప్రయత్నించకపోవడం మేలు.

సర్వసభ్య సమావేశంలో ఆడిట్ నివేదిక చదవడం ఒక మొక్కుబడిగా మారినది. లాభం అంకె చదివి, చప్పట్లు కొట్టించి, లోపాల భాగం “చదివినట్లు భావించడమైనది” అని వ్రాస్తున్నారు. ఆ లోపాల భాగాన్ని సెక్రటరీ చేత గాక ప్రెసిడెంటు తానే నిలబడి చదవాలి. ఏవి సవరించారో, ఏవి సవరించలేదో చెప్పాలి. అలాగే సంవత్సరంలో ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోసిన వారికే ఓటు, పదవి అని ఉపనిబంధనలలో ఉంటే, ఆ జాబితా ఎన్నికలకు ముందుగానే బల్లమీద అంటించండి. పాలు పోయని వారు పాల సంఘాన్ని నడపడం వలన వచ్చిన చిక్కులు ఈ వ్యాసంలో చెప్పి ముగించలేము, మరొకసారి వ్రాస్తాము.

ఈ పర్యాయం మేము తనిఖీకి వచ్చే సంఘాలలో నగదు పుస్తకంతో పాటు శనివారపు నమూనాల నోటుపుస్తకం కూడా అడుగుతాము. ఇంకా మొదలుపెట్టని సంఘాలు ఈ శనివారమే మొదటి అయిదు సీసాలు తీయవచ్చు. అంకెలు వేయడానికి రంగు పెన్సిలు చాలు. మొదటి సీసా ప్రెసిడెంటు గారిది.